రూయీ తాగిన గ్లాసు

కిందటి వారం మనం జ్యోతిర్మయిని వంటింటి గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. చల్లటి గచ్చు మీద మోకాళ్ళూని కూర్చుని, పిల్లిని రెండు చేతులా కదుపుతూ "రూయీ... ఒరేయ్ రూయీ" అని పిలుస్తూ ఉంది. పిల్లి పలకలేదు.

రాయపూర్ వైపు ఉస్లాపూర్‌లోని ఆ మూడో అంతస్తు ఫ్లాట్ దాటి ఆమె బయట అడుగుపెట్టి రెండు నెలలైంది. అంతకు ముందు ఒక ప్రైవేటు బొగ్గు పరీక్షల ల్యాబ్‌లో పదకొండేళ్ళు కెమిస్టుగా చేసింది. పరీక్షకి వచ్చిన నమూనాల పొట్లాలు తెల్లారేసరికి మారిపోతున్నాయని కనిపెట్టింది. నాసి బొగ్గు మేలిరకమని కాగితాల మీద చలామణీ అవుతోందని పైవాళ్ళకి ఫిర్యాదు రాసింది. దాని మీద విచారణ ఎల్లుండి, పద్దెనిమిదో తారీకు పొద్దున్న పదకొండింటికి. అక్కడ నోరు విప్పవలసింది ఆమె ఒక్కతే.

కానీ దసరా వెళ్ళకముందే ఆమెకి ఏదో మొదలైంది. పగలంతా మగత. మాట సగంలో మరుపు. డాక్టరు డిప్రెషన్ అన్నాడని భర్త దిలీప్ చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఆ మగతలోనే రైలు పట్టాల వైపు నడిచి వెళ్ళిపోయిందని, గేటు దగ్గర ఎవరో ఆపి తీసుకొచ్చారని కూడా చెప్పాడు. ఆమెకి ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ రోజు నుంచి తలుపుకి బయట తాళం. ఫోను అతని దగ్గరే. మొదట్లో ఒకసారి బాల్కనీలోంచి అరిచింది కూడా. కింద ఇంటివాళ్ళు పైకి వచ్చి, దిలీప్ భుజం తట్టి, ధైర్యం చెప్పి వెళ్ళారు.

ఇంట్లో మిగిలింది ముగ్గురు. జ్యోతిర్మయి, ఆమెని నాలుగో ఏట నుంచీ పెంచిన పిన్ని అచ్చియమ్మ, రూయీ.

రూయీ రాగ్‌డాల్ జాతి పిల్లి. మీగడ రంగు ఒళ్ళు, కాఫీపొడి చల్లినట్టు ముఖం, చెవులు, తోక. నీలం కళ్ళు. ఎనిమిది కిలోల బరువు. రోజూ దువ్వకపోతే చిక్కుపడే పొడుగాటి బొచ్చు. ఇంత శరీరం పెట్టుకుని ఎవరి మీదా గోరు ఎత్తి ఎరగడు. ఎత్తుకుంటే చాలు, ఒళ్ళంతా వదిలేసి తడి తువ్వాలులా చేతుల మీద వేలాడిపోతాడు. ఆ జాతి లక్షణమే అది. హిందీలో రూయీ అంటే దూది కదా, అచ్చియమ్మ దాన్ని తెలుగు చేసేసుకుని "దూదిగాడు" అంటుంది.

అందుకే వాడు పొద్దున్నుంచీ లేవకపోయినా ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. వాడెప్పుడూ పడుకునే ఉంటాడు కదా అనుకున్నారు.

జ్యోతిర్మయి వాణ్ణి చేతుల్లోకి ఎత్తుకుంది. ఎప్పటిలాగే వేలాడాడు. అయితే ఎప్పుడూ ఆ వేలాడేటప్పుడు వాడి గొంతులో చిన్న మర మోగేది. తోక కొస ఆడేది. కళ్ళు తెరుచుకుని, ఎత్తుకున్న మనిషి ముఖాన్నే చూసేవాడు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. నాలుక కొస పళ్ళ మధ్య నుంచి బయటికి వచ్చి ఎండిపోయి ఉంది. వేలితో రెప్ప పైకెత్తితే, కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర ఒకటి సగం దాకా కమ్ముకుని కనిపించింది. ఊపిరి మాత్రం ఉంది. నెమ్మదిగా, చాలా దూరం నుంచి వస్తున్నట్టు.

వాణ్ణి మోసుకుని గదిలోకి వచ్చి, మంచం మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుంది. నిన్న వాడేం తిన్నాడు? పొద్దున చేపముక్క. మధ్యాహ్నం...

మధ్యాహ్నం పిన్ని తెచ్చిన రాగిమాల్టు.

రోజూ మూడింటికి అచ్చియమ్మ గ్లాసుడు రాగిమాల్టు కాచి తెస్తుంది. నీరసానికి మంచిదని. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు నాకడం రూయీకి అలవాటు. నిన్న మాత్రం జ్యోతిర్మయికి కడుపులో తిప్పింది. తాగనంటే పిన్ని గొడవ చేస్తుందని, ఆమె బాల్కనీలో బట్టలు తీస్తున్నప్పుడు గ్లాసు మొత్తం రూయీ పళ్ళెంలో వంపేసింది. వాడు ఒక్క చుక్క మిగల్చలేదు.

ఇవాళ తన తల తేలిగ్గా ఉంది. ఆ సంగతి ఇప్పుడే గమనించింది. తారీకు గుర్తుంది. వారం గుర్తుంది. విచారణ ఎన్ని గంటలకో గుర్తుంది.

అంతకు ముందు ఇలా ఎప్పుడుంది? కిందటి ఆదివారం. దయాల్‌బంద్‌లో తెలిసినవాళ్ళమ్మాయి సీమంతమని దిలీప్ పిన్నిని బండి మీద ఎక్కించుకుని వెళ్ళాడు. ఇద్దరూ చీకటి పడే దాకా రాలేదు. ఆ రోజు మాల్టు లేదు. ఆ రోజంతా తను మెలకువగా ఉంది. పాత పేపర్లన్నీ చదివింది. రూయీ బాల్కనీలో బల్లి వెంట పడి పూలకుండీ దొర్లించాడు. వీడికి పరుగు కూడా వచ్చా అని తను నవ్వుకుంది.

పదకొండేళ్ళు ఆమె చేసిన పనే ఇది. ఒకేచోటి నుంచి తీసిన రెండు నమూనాలు పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ మొదలైందో వెతకడం. ఇప్పుడు ఒక నమూనా పడుకుని ఉంది. ఇంకొకటి కూర్చుని ఉంది. మధ్యలో ఉన్నది పిన్ని చేతి గ్లాసు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. గోడ గడియారం మూడు చూపిస్తోంది.

"ఇదిగో, ఏడిగా ఉన్నప్పుడే తాగీయి," అంటూ అచ్చియమ్మ లోపలికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గాజులు మోచేతి దాకా జారే సన్నటి చేతులు. మంచం వైపు చూసి చిరాకుపడింది. "ఆడినెందుకే మంచమెక్కించేవు? దుప్పటి నిండా బొచ్చు."

"లేవడం లేదు పిన్నీ."

"ఆడెప్పుడు లేసేడు కనక."

"నిన్నటి మాల్టు నేను తాగలేదు. వీడు తాగాడు."

అచ్చియమ్మ గ్లాసు పట్టుకునే నిలబడిపోయింది. అది స్టూలు మీద పెట్టడానికి కూడా ఆమెకి కాసేపు పట్టింది.

"మొత్తమేటే?" అంది.

"మొత్తం."

"ఓలమ్మో! గ్లాసుడూ పోసీసేవేటే ఆడికి? నీకే అది ఎక్కువనీసి నాను భయపడి సస్తంటే, పిల్లిపేణానికి..."

మాట అక్కడ తెగింది.

బయట కట్నీ వెళ్ళే రైలు పట్టాల మీద గూడ్సు బండి ఒకటి వెళుతోంది. జ్యోతిర్మయి పిన్ని ముఖాన్నే చూస్తోంది. తిట్టాలనుకుంది. కానీ ఈ మనిషి చేతి ముద్ద తిని పెరిగింది తను. జ్వరమొస్తే ఈ మనిషి పొట్టకి తల ఆనించుకుని పడుకుంది.

"ఏం కలుపుతున్నావు పిన్నీ?"

అచ్చియమ్మ గబగబా మంచం దగ్గరికి వచ్చి, చెంగు మంచం పక్క నీళ్ళ చెంబులో ముంచి, రూయీ ముఖం తుడవడం మొదలుపెట్టింది. చెవులు నలిపింది. అరికాళ్ళు రాసింది. వేలి కొసతో ఒక్కొక్క చుక్క నీళ్ళు నోట్లో వదిలింది. "మింగరా నాయినా, మింగరా," అంది. అయిదో చుక్కకి వాడి గొంతు కదిలింది. ఆరో చుక్కకి నాలుక లోపలికి పోయింది. అచ్చియమ్మ అప్పుడు ఏడ్చింది.

"నిద్దర బిళ్ళలే," అంది పిల్లిని చూస్తూనే. "ఒకటి నూరి అడుగునేస్తాను. రోజుకొకటి."

"నాకు పిచ్చెక్కిందనుకున్నాను పిన్నీ," అంది జ్యోతిర్మయి. "రెండు నెలలు. మా ల్యాబ్‌లో వాళ్ళ పేర్లు మర్చిపోతే, బాత్రూంలో కూర్చుని ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకునేదాన్ని. నువ్వు పక్కనే కూర్చుని నా తల దువ్వేదానివి. ఎలా దువ్వావు?"

"మరేటి సెయ్యమన్నావే నన్ను?" అచ్చియమ్మ ఒక్కసారి ఇటు తిరిగింది. "దసరా ముందర బుధవారీ బజారుకెల్లేను, కూరలకి. ఇద్దరొచ్చేరు. ఒకడు పెద్దమనిషిలాగున్నాడు. అమ్మాజీ, అమ్మాజీ అనీసి నా సంచి రిక్షా దాకా ఆడే మోసేడు. నీ బండి నంబరు సెప్పేడు. పొద్దున్న నువ్వు ఏ యేళకి ఏ రోడ్డెక్కుతావో సెప్పేడు. బొగ్గు లారీలు శానా ఎత్తు అమ్మాజీ, కిందనేటుందో డ్రైవరుకి అవుపడదు, అన్నాడు. నవ్వుతానే అన్నాడు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఊరుకుంటావేటి నువ్వు? ఇంకో కాయితం రాస్తావు!" ఆమె ముక్కు చీదుకుంది. "మీ సిన్నాన్న సైకిలెక్కి డూటీకెల్లేడు. పదకొండింటికి గుడ్డలో సుట్టి తెచ్చేరు. లారీయే. మొహం సూపించమంటే సూపించనేదు. వొద్దమ్మా, సూడొద్దు అన్నారు. మళ్ళీ ఆ గుడ్డ నా గుమ్మంలోకి రాకూడదే. నువ్వు పిచ్చిదానివైపో, మొద్దులాగ పడుండు, నాకు పరవానేదు. ఊపిరుంటే సాలు. పద్దెనిమిదో తారీకు దాటిపోతే మానీద్దుననుకున్నాను. కిందటాదోరం మరిచిపోయి మాననేదు నాను. ఒక్కపూటైనా నిన్ను నిన్నులాగ సూద్దారని కావాలనే మానీసేను."

జ్యోతిర్మయి నుదురు పట్టుకుని కూర్చుంది. కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరుగుతోంది.

"పట్టాల మీదకి వెళ్ళానన్నారు కదా. అప్పుడు కూడా దీనివల్లేనా?"

అచ్చియమ్మ రూయీ చెవి మీది తడిని చెంగుతో ఒత్తింది.

"నువ్వెక్కడికీ ఎల్లనేదే. ఆ రోజంతా ఈ మంచం మీదే ఉన్నావు. ఎల్లేవని దిలీపు బాబు సెప్పేడు. నాను కాదననేదు."

రెండు నెలలుగా ఆమె రోజూ కళ్ళు మూసుకుని ఆ పట్టాలని ఊహించుకునేది. కాళ్ళ కింద కంకర ఎలా ఉండి ఉంటుందో అనుకునేది. తన మీద తనకి నమ్మకం పోయింది ఆ ఒక్క మాటతోనే. అదసలు జరగనే లేదు.

"బిళ్ళలు దిలీపే తెచ్చాడా?"

"మరెవుడు తెస్తాడు? ఆళ్ళిద్దరొచ్చిన సంగతి ఆ రాత్రే ఆ బాబుకి సెప్పేను. ఏడ్సీసేడు పాపం. మన జోతిని మనమే కాపాడుకోవాలి అత్తయ్యా, అన్నాడు. మర్నాడే తెచ్చి నా సేతిలో ఎట్టేడు."

"చూపించు."

అచ్చియమ్మ గోడవార ఉన్న తన రేకుపెట్టె తెరిచింది. చీరల అడుగు నుంచి మందుల షాపు కాగితం సంచి ఒకటి తీసి ఇచ్చింది. అందులో పది బిళ్ళల అట్టలున్నాయి. ఏడు ఖాళీ. సంచికి పిన్నుతో గుచ్చిన బిల్లు అలాగే ఉంది. అచ్చియమ్మకి చదువు రాదు. దిలీప్‌కి ఆ సంచి పారేయమని చెప్పాలనిపించలేదు కాబోలు.

జ్యోతిర్మయి బిల్లు మీద తారీకు చదివింది. వెలుగులోకి పట్టుకుని మళ్ళీ చదివింది.

వినాయక చవితి మర్నాడు.

దసరా కాదు. దసరాకి నెల ముందు. అప్పటికి ఆమె ఫిర్యాదు రాయనే లేదు. నమూనాలు మారుతున్నాయని అప్పటికి లోకంలో ఒక్కరికే చెప్పింది. చవితి నాడు సాయంత్రం పూజ సామాను సర్దుతూ చెప్పింది. చెప్పింది దిలీప్‌కి. "అచ్ఛా? పక్కా తెలుసా నీకు?" అని అతను ఎంతో శ్రద్ధగా విన్నాడు. ఆ పక్క ఆదివారమే ఈ పిల్లిని కొని తెచ్చాడు. రాయపూర్ నుంచి, బుట్టలో. "పగలంతా ఇంట్లో నీకు తోడుంటుంది," అన్నాడు. పగలంతా నేను ఇంట్లో ఎక్కడుంటాను, డ్యూటీకి పోనా, అని తను నవ్వింది. అతనూ నవ్వాడు.

"పిన్నీ, ఆ ఇద్దరినీ బజారుకి పంపిందెవరో తెలుసా నీకు?"

అచ్చియమ్మకి వెంటనే అర్థం కాలేదు. జ్యోతిర్మయి తారీకు చదివి చెప్పింది. ఆ తారీకుకి ఇంట్లో ఏం జరిగిందో చెప్పింది. ముసలమ్మ పెదాలు కదుపుతూ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. చవితి, పౌర్ణమి, మహాలయ పక్షాలు, దసరా. లెక్క పూర్తయ్యాక ఆమె ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది.

"నా సేతే ఎట్టించేడు," అంది. "నీకు నా సేత్తో..."

"తాళం నీ దగ్గర ఉందా?"

"నాకాడ నేదే. నీతోపాటు నన్నూ ఏసీసి పోతాడు గదా రోజూ." అంటూనే ఆమె ఉలిక్కిపడి గడియారం వైపు చూసింది. "జోతీ, ఇయాల ఆ బాబు బేగి ఒచ్చీస్తాడు. నాగపూరు బండికి టికెట్లు తీసీసేడు. నిన్నక్కడ ఏదో ఆస్పత్రిలో ఎడతాడట, నెల్రోజులు. అందుకే..." స్టూలు మీది గ్లాసు వైపు వేలు చూపించింది. "అందుకే ఇయాల రెండెయ్యమన్నాడు. బండి కాడ గోల సెయ్యకుండా. ఏసీసేను."

ఎల్లుండి పదకొండింటికి తను నాగపూర్‌లో ఏదో గదిలో ఉంటుంది. పిచ్చిదని రాసిన కాగితం కింద ఆమె సాక్ష్యం ఎవరికీ అక్కరలేదు. జ్యోతిర్మయి లేచి నిలబడింది. స్టేషన్‌లో జనం ఉంటారు. పోలీసులుంటారు. నడిచే మనిషిగా, మాట్లాడగలిగే మనిషిగా అక్కడి దాకా చేరితే చాలు. అక్కడి దాకా అతను తను మత్తులో ఉందనే అనుకోవాలి.

"పిన్నీ, నేను తాగినట్టే ఉంటాను. నువ్వు మామూలుగా ఉండు. స్టేషన్‌కి నువ్వూ వస్తానని పట్టుపట్టు. అది పారబోసి..."

లిఫ్టు తలుపు పడిన చప్పుడు వినిపించింది. వరండాలో బూట్లు. అవి తమ గుమ్మం ముందే ఆగాయి. తాళంచెవుల గుత్తి గలగలలాడింది.

పారబోయడానికి ఎక్కడుంది? చెంబులో పోస్తే కనిపిస్తుంది. కిటికీకి దోమల జాలీ. వంటిల్లయినా, బాత్రూమైనా, బాల్కనీ అయినా హాలు దాటాలి. హాలు ముందే ఆ తలుపు. వచ్చిన వెంటనే అతను చూసేది గ్లాసు. రోజూ చూస్తాడు. మంచిదానివి, తాగేశావు, అని తల నిమురుతాడు.

"పడుకో," అంది అచ్చియమ్మ.

ఆమె గ్లాసు అందుకుంది. జ్యోతిర్మయి చెయ్యి చాచేలోపే ఎత్తి పట్టింది. సన్నటి గొంతు పైకీ కిందికీ ఆడింది. అడుగున పేరుకున్నది కూడా వేలితో తీసి నాకేసింది. ఖాళీ గ్లాసు స్టూలు మీద పెట్టి, చెంగుతో మూతి తుడుచుకుని, జ్యోతిర్మయిని భుజాలు పట్టి మంచం మీదకి వాల్చి, దుప్పటి కప్పింది. మందుల సంచి చీరల కిందకి తోసి పెట్టె మూసింది. ఇదంతా తాళం రెండు చుట్లు తిరిగే లోపల జరిగింది.

జ్యోతిర్మయి గోడ వైపు ఒత్తిగిలి కళ్ళు మూసుకుంది. రెండు బిళ్ళలు. డెబ్బై రెండేళ్ళ మనిషి. పొద్దున తిన్నది ఒక్క ఇడ్లీ.

"అత్తయ్యా, బట్టలు సర్దేశారా?" దిలీప్ గొంతు హాలు దాటి గదిలోకి వచ్చింది. ఎప్పటి గొంతే. మెత్తగా, మర్యాదగా. "ట్యాక్సీ కింద ఉంది. జల్దీ వెళ్దాం. ట్రాఫిక్ బహుత్ హై."

"అయిపోనాది బాబూ. నానూ వస్తాను టేసను దాకా."

"మీరెందుకు అత్తయ్యా, ఈ చలిలో, ఠండ్‌లో?" అతను మంచం దగ్గరికి వచ్చాడు. గ్లాసు స్టూలు మీద నుంచి లేచిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు. అరచెయ్యి ఆమె జుట్టు మీద ఆనింది. "తాగేసింది. గుడ్." అతని ఊపిరి చెంపకి తగిలేంత దగ్గరగా వచ్చింది. ఆమె తన ఊపిరిని సాగదీసి, నెమ్మదిగా వదిలింది. అతను లేచాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. నమ్మాడు.

అప్పుడు ఆమె వీపు వెనకాల పరుపు కదిలింది.

రూయీ లేచాడు. వాడికి దిలీప్ అంటే ప్రాణం. ఏ గదిలో ఉన్నా, ఎంత నిద్రలో ఉన్నా, అతని గొంతు వినపడితే ఎదురు వెళ్ళకుండా ఉండలేడు. పరుపు అంచు దాకా పాకాడు. కిందకి దూకలేదు. జారి పడ్డాడు. ఆ బరువుకి గచ్చు మీద దబ్బుమని చప్పుడైంది.

జ్యోతిర్మయి పక్కకి వాలినట్టు వాలి, రెప్పలు గడ్డిపోచంత తెరిచింది. పిల్లి ముందుకాళ్ళ మీద లేచింది. వెనక కాళ్ళు లేవలేదు. వాటిని ఈడ్చుకుంటూ రెండు జానలు వచ్చి, ఒరిగి, మళ్ళీ లేచి, దిలీప్ బూటు మీద తల ఆనించి పడిపోయింది. అంతలోనూ గొంతులో ఆ చిన్న మర మోగడం మొదలైంది.

దిలీప్ వంగాడు. బొటనవేలితో దాని కంటిరెప్ప పైకెత్తి చూశాడు. వదిలేశాడు. ఖాళీ గ్లాసు వైపు చూశాడు. మంచం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డ అచ్చియమ్మ వైపు తిరిగాడు. ఆమె పై పెదవి మీద ఇంకా సన్నటి గోధుమరంగు గీత ఒకటి ఉంది.

"అత్తయ్యా," అన్నాడు, గొంతు ఏమాత్రం పెంచకుండా. "ఇవాళ జ్యోతి గ్లాసు ఎవరు తాగారు?"